సకినం ఎందుకు పేలుతుంది?

సంక్రాంతి ఇంకా పది రోజులు ఉందనగానే వాడకట్టులో మాట మొదలవుతుంది.

"అక్కా, బియ్యం ఎప్పుడు నానబెడుతున్నవ్?"

"ఎల్లుండి రాత్రి నానబెడుత. నువ్వు వస్తవా?"

"రాకుంటె ఎట్లనే? ఆదివారం నువ్వు మా ఇంటికి రావాలె గద!"

వరంగల్ చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా ఈ మాట వినిపిస్తుంది. నర్సంపేటలో వినిపిస్తుంది. పరకాలలో వినిపిస్తుంది. వర్ధన్నపేటలో వినిపిస్తుంది. పండుగకు అరిసెలు చేసుకుంటాం. మురుకులు చేసుకుంటాం. కానీ సకినాలు లేని సంక్రాంతి మనకు సంక్రాంతి కాదు.

అక్కలారా, చెల్లెలారా! ఈ పాఠం సకినాల గురించి. సకినాలు చేయడం మీకు ఒకరు నేర్పాలా? అక్కరలేదు. మీ వేళ్లకు వచ్చిన విద్య అది. అయితే ఒక ప్రశ్న ఉన్నది. నూనెలో వేసిన సకినం ఒక్కోసారి టప్పున పేలుతుంది. వేడి నూనె చింది చేతుల మీద పడుతుంది. మొఖం మీద పడుతుంది. ఎందుకు పేలుతుంది? ఈ ప్రశ్నకు జవాబు దొరికితే కుక్కరు సంగతి కూడా తెలుస్తుంది. ఎందుకంటే సకినానికి, కుక్కరుకు చుట్టరికం ఉన్నది.

కలిసి చుట్టే పని

సకినాలు ఒక్కరు చేసే పని కాదు. రెండు కుంచాల బియ్యం పిండిని ఒక్కరే కూర్చొని చుడితే నడుము విరుగుతుంది. అందుకే మన అమ్మలు, అమ్మమ్మలు బదులు పద్ధతి పెట్టుకున్నారు. ఇయ్యాల మీ ఇంట్ల, రేపు మా ఇంట్ల. కూలి లేదు, లెక్క లేదు. తిరిగి పోయి చేయాలె, అంతే.

పండుగకు ఆడబిడ్డలు పుట్టింటికి వస్తారు. చిన్ననాటి దోస్తులు మళ్లీ కలుస్తారు. ఒకామె హైదరాబాదు నుంచి వస్తుంది. ఒకామె సూరత్ నుంచి వస్తుంది. ఇంకొకామె భీవండి నుంచి వస్తుంది. సూరత్, భీవండి ఎందుకు పోయిండ్రు అంటే అదొక పెద్ద కథ. వరంగల్‌లో ఆజంజాహి మిల్లు అని పెద్ద బట్టల మిల్లు ఉండేది. 1934లో నిజాం కాలంలో మొదలైంది. వేల మందికి అన్నం పెట్టింది. 2002లో మూతపడింది. ఇక్కడ మగ్గాల పని కూడా తగ్గుతూ వచ్చింది. ఎన్నో పద్మశాలి కుటుంబాలు బతుకుదెరువు కోసం భీవండి, సూరత్ మగ్గాల కాడికి పోయినయి. మనుషులు పోయినా నాలుక పోలేదు. అక్కడ కూడా సంక్రాంతికి సకినాలు కావాలె. రాలేని వాళ్లకు ఇక్కడి నుంచి డబ్బాలు పోతాయి.

వాకిట్లో తెల్లటి ధోవతి పరుస్తారు. పాత దుప్పటి అయినా సరే, ఉతికినది కావాలె. కొందరి ఇండ్లలో ముందు పిండితో గౌరమ్మను చేసి పెడతారు. పసుపు, కుంకుమ పెడతారు. తర్వాత చుట్టూ కూర్చుంటారు. పెద్ద వయసు అవ్వలకు మంచి చోటు. కొత్తగా నేర్చుకునే పిల్లలకు మూల చోటు. వాళ్లు చుట్టిన సకినాలు వంకర టింకరగా ఉంటాయి. వాటిని చూసి నవ్వుకుంటారు. కానీ పారేయరు. అవి కూడా నూనెలో పడతాయి.

చేతులు పిండిలో ఉంటాయి. నోరు ఖాళీగా ఉంటుంది. కష్టం, సుఖం అన్నీ బయటకు వస్తాయి. ఎవరి కోడలు ఎట్లున్నది, ఎవరి బిడ్డకు సంబంధం కుదిరింది, ఎవరి మిరప చేనుకు పురుగు పట్టింది. ఏడాది మొత్తం చెప్పుకోని మాట ఆ ధోవతి కాడ చెప్పుకుంటారు. ఈ ముచ్చట కోసమే కొందరు సకినాలు మానలేదని మాకు అనిపిస్తుంది. కొనుక్కుంటే హనుమకొండలో దుకాణాల్లో కిలోల లెక్కన దొరుకుతాయి మరి!

గిర్ని కాడ

ఇప్పుడు పిండి సంగతి చూద్దాం.

వెనకట బియ్యం నానబోసి రోట్లో దంచేవాళ్లు. ఇద్దరు ఎదురెదురు నిలబడి రోకలి పోటు వేసేవాళ్లు. పొడి పిండికి ఇసుర్రాయి ఉండేది. తెల్లవారుజామున లేచి ఇసిరేవాళ్లు. తర్వాత గిర్ని వచ్చింది. కరెంటు గిర్ని వచ్చినంక ఆడవాళ్ల భుజాలకు కొంత నిమ్మళం దొరికింది. రోలు, ఇసుర్రాయి ఇంటి వెనకకు పోయినయి. పాత దోస్తులను మరిచిపోయినట్టు మరిచిపోయినం. అయినా పచ్చడి నూరాలంటే మళ్లీ రోలే గుర్తుకు వస్తుంది.

సకినాలకు కొత్త బియ్యం మంచివి. రాత్రి నానబెట్టాలె. తెల్లారి కడిగి గంపలో వేసి నీళ్లు వాడ్చాలె. తడి తడిగా ఉన్నప్పుడే గిర్నికి తీసుకుపోవాలె. పండుగ ముందు తడి బియ్యానికి వేరే వరుస ఉంటుంది. బకెట్లు, టిఫిన్లు, గంపలు బారులు తీరుతాయి.

గిర్ని కాడ ఒక జాగ్రత్త. తిరిగే బెల్టు దగ్గరికి పోవద్దు. కొంగు గాలికి ఎగిరి బెల్టులో చిక్కుకుంటే మనిషినే లాగేస్తుంది. జడ కూడా అంతే. కొంగు నడుముకు దోపుకోండి. జడ ముడి వేసుకోండి. చిన్న పిల్లలను వెంట తీసుకుపోవద్దు.

పిండి తెచ్చినంక జల్లెడ పట్టాలె. ఈ పని విసుగు. తడి పిండి జల్లెడలో ఊరికే దిగదు. అరచేత్తో రుద్దాలె. "ఇంత మెత్తగ పట్టిండు, జల్లెడ ఎందుకే?" అని కొందరు ఆ పని ఎగ్గొడతారు. అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది. ఎట్లనో ముందు చెప్పుకుందాం.

జల్లెడ పట్టిన పిండిలో నువ్వులు, ఓమ, ఉప్పు వేస్తారు. నీళ్లు కొంచెం కొంచెం చల్లుతూ కలుపుతారు. పిండి మరీ గట్టిగా ఉంటే వేళ్ల నుంచి దారంలా రాదు. పలుచనైతే బట్ట మీద పారుతుంది. రెండు వేళ్లు, బొటనవేలు కలిపి పిండిని తిప్పుతూ వదలాలె. ఒక చుట్టు, దాని చుట్టూ ఇంకొక చుట్టు, మళ్లీ ఇంకొక చుట్టు. గట్టి చెయ్యి ఉన్న అవ్వలు ఐదారు చుట్లు చుడతారు.

చుట్టినంక వెంటనే నూనెలో వేయరు. కొంతసేపు బట్ట మీదనే ఆరనిస్తారు. ఆ బట్ట తడిని పీల్చుకుంటుంది. చేత్తో ఎత్తితే విరగకుండా లేవాలె. అప్పుడు వేయించాలె.

టప్పుమని పేలింది!

"అమ్మో! చెయ్యి కాలింది!"

"జరగుండ్రి, జరగుండ్రి! పిల్లను లోపలికి తీసుకపోండ్రి!"

"దిష్టి తగిలిందే వదినా. పొద్దున ఆమె వచ్చి చూసి పోయింది గద!"

దిష్టి సంగతి అట్ల ఉంచుదాం. పిండి సంగతి చూద్దాం.

నీళ్లు 100 డిగ్రీల వేడికి మరుగుతాయి. ఆవిరి అవుతాయి. వేయించే నూనె అంతకంటే చాలా వేడిగా ఉంటుంది. సుమారు 170, 180 డిగ్రీలు ఉంటుంది. తడి సకినం అందులో పడగానే సకినంలో ఉన్న నీళ్లు ఆవిరి అవుతాయి. నూనెలో బుడగలు చూస్తాం కదా? అది నూనె మరగడం కాదు. సకినంలోని నీరు ఆవిరై బయటకు రావడం. బుడగలు తగ్గినయి అంటే లోపల తడి తగ్గిందని అర్థం. అప్పుడే సకినం తీయాలని మనకు చేతి అలవాటుగా తెలుసు. కారణం ఇది.

ఇప్పుడు అసలు ముచ్చట. నీళ్లు ఆవిరి అయితే ఎంత జాగ కావాలె? సుమారు 1,600 రెట్లు కావాలె. ఒక చెంబు నీళ్లు ఆవిరైతే దాన్ని పట్టడానికి 1,600 చెంబులు కావాలె! ఒక నీటి చుక్క కూడా అట్లనే ఉబ్బుతుంది.

ఆవిరికి బయటకు పోయే దారి ఉంటే బుడగలా పోతుంది. ఏ గొడవ లేదు. దారి లేకపోతే? పిండిలో నూక ఉంటే ఆ నూక లోపల తడి దాగి ఉంటుంది. పైన పిండి వేడికి గట్టి పడుతుంది. మూత పెట్టినట్టు అవుతుంది. లోపల తడి ఆవిరి అవుతుంది. జాగ కావాలంటుంది. జాగ ఉండదు. నెడుతుంది, నెడుతుంది. చివరికి టప్పుమని పగలగొట్టుకొని బయటకు వస్తుంది. దాంతోపాటు నూనె లేస్తుంది.

జల్లెడ ఎందుకు పట్టాలో ఇప్పుడు తెలిసింది కదా? నూక పోవడానికి. బట్ట మీద ఎందుకు ఆరబెట్టాలో తెలిసింది కదా? తడి తగ్గడానికి. మన అవ్వలకు డిగ్రీల లెక్క తెలియదు. ఆవిరి లెక్క తెలియదు. కానీ జల్లెడ మానొద్దన్నారు, తొందరపడొద్దన్నారు.

ఇంకొక లాభం కూడా ఉన్నది. తడి మొత్తం పోయిన సకినం చాలా రోజులు నిలువ ఉంటుంది. అందుకే అది సూరత్ దాకా రైల్లో పోగలుగుతుంది. తడి మిగిలితే మెత్తబడుతుంది, వాసన వస్తుంది.

అదే ఆవిరి, ఇనుప మూత కింద

ఇప్పుడు కుక్కరు దగ్గరికి పోదాం.

పగలగొట్టే ఆవిరిని పనికి పెట్టుకోవచ్చని ఒకాయన ఆలోచించాడు. ఆయన పేరు డెనిస్ పాపిన్. ఫ్రాన్సు దేశం మనిషి. 1679లో లండన్ నగరంలో ఒక గట్టి ఇనుప పాత్ర చేశాడు. మూత బిగించి కింద మంట పెట్టాడు. ఆవిరి బయటకు పోలేదు. లోపల ఒత్తిడి పెరిగింది. గట్టి ఎముకలు కూడా మెత్తగా ఉడికినయి. 1682లో ఆ పాత్రలో వండి అక్కడి శాస్త్రవేత్తలకు విందు పెట్టాడు. పాత్ర పగిలే ప్రమాదం ఉన్నదని ఆయనకు తెలుసు. అందుకే ఒత్తిడి మించితే ఆవిరి బయటకు పోయేటట్టు మూతకు ఒక వాల్వు పెట్టాడు. మన కుక్కరు మూత మీద ఉన్న సేఫ్టీ వాల్వుకు అదే మూలం.

మన దేశంలో 1959లో కుక్కర్ల తయారీ మొదలైంది. ఊర్లలోకి రావడానికి ఇంకా చాలా ఏండ్లు పట్టింది. ఇప్పుడు పెండ్లికి పెట్టే సామానులో కుక్కరు ఉండాల్సిందే.

కుక్కరులో పప్పు తొందరగా ఎందుకు ఉడుకుతుంది? మామూలు గిన్నెలో నీళ్లు 100 డిగ్రీలకే మరుగుతాయి. ఎంత మంట పెట్టినా నీళ్ల వేడి అంతకు మించదు. ఎక్కువ మంట పెడితే కట్టెలు దండుగ. కుక్కరులో ఆవిరి ఒత్తిడి వల్ల నీళ్లు సుమారు 120 డిగ్రీల దాకా వేడెక్కుతాయి. ఆ ఇరవై డిగ్రీలే తేడా. గంటసేపు ఉడికే కందిపప్పు పావుగంటలో ఉడుకుతుంది. కట్టెలు మిగులుతాయి, గ్యాసు మిగులుతుంది. పొలం పనికి పోయే ఆడమనిషికి అన్నిటికంటే ముఖ్యం, పొద్దు మిగులుతుంది.

అయినా కొందరు కుక్కరు అంటే భయపడతారు. విజిల్ రాగానే బయటకు ఉరుకుతారు. పక్కింటి చెల్లెను పిలిచి మూత తీయిస్తారు. నవ్వాల్సిన పని లేదు. తెలియని వస్తువు దగ్గర భయం మంచిదే. అసలు భయం లేకుండా దాన్ని పెట్టి పక్కింటికి ముచ్చటకు పోయే వాళ్లనే ముందు ఆపాలె.

కుక్కరు మూత చేతిలోకి తీసుకోండి. చూడండి. నడుమ ఒక చిన్న గొట్టం ఉంటుంది. దాని మీదనే విజిల్ కూర్చుంటుంది. విజిల్ అంటే ఒక బరువు గుండు. లోపల ఒత్తిడి ఎక్కువైతే గుండును లేపి ఆవిరి బయటకు పోతుంది. అప్పుడే కూత వస్తుంది. విజిల్ కూసింది అంటే ఆవిరికి దారి ఉన్నది అని. కూత రాకుండా చాలాసేపు అయితేనే అనుమానపడాలె. గొట్టంలో పప్పు పొట్టు, మెతుకు ఇరికి ఉండొచ్చు. దారి మూసుకుపోతే? సకినం కథ మళ్లీ మొదలు. ఈసారి పేలేది పిండి కాదు, లోహం.

అందుకే ప్రతిసారీ మూత పెట్టే ముందు ఆ గొట్టాన్ని వెలుతురుకు పెట్టి చూడాలె. అవతల వెలుగు కనిపించాలె. కనిపించకపోతే సన్నని పుల్లతో, నీళ్లతో కడగాలె. ఇది ఒక్క నిమిషం పని.

మూత మీద పక్కకు ఇంకొక చిన్న బిళ్ల ఉంటుంది. అదే సేఫ్టీ వాల్వు. దాని నడుమ తొందరగా కరిగే లోహం ఉంటుంది. గొట్టం మూసుకుపోయినా, నీళ్లు ఇగిరిపోయినా వేడి మించిపోతుంది. అప్పుడు ఆ లోహం కరిగి ఆవిరికి దారి ఇస్తుంది. అది కుక్కరు ప్రాణం కాదు, మన ప్రాణం. అది ఒకసారి పోతే అదే కంపెనీది కొత్తది వేయించాలె. ఇరవై ముప్పై రూపాయలు మిగులుతాయని కొందరు అక్కడ మేకు కొడతారు, లక్క పెడతారు, స్క్రూ బిగిస్తారు. అట్లాంటి కుక్కరు ఇంట్లో ఉంచుకోవద్దు.

కుక్కరును నిండా నింపొద్దు. కూరగాయలు అయితే మూడింట రెండు వంతులు. బియ్యం, పప్పు అయితే సగమే. ఎందుకంటే పప్పు పొంగుతుంది, నురుగు గొట్టంలోకి ఎక్కుతుంది. నీళ్లు లేకుండా పొయ్యి మీద పెట్టొద్దు. మూత బిగించి నూనెలో వేయించొద్దు.

తీసేటప్పుడు తొందర వద్దు. పొయ్యి బంద్ చేసి ఆగాలె. కొంచెంసేపు అయినంక పొడుగు గరిటెతో విజిల్‌ను కొద్దిగా లేపి చూడండి. 'స్స్' అని శబ్దం వస్తే ఇంకా ఆవిరి ఉన్నది. శబ్దం రాకపోతేనే మూత తిప్పాలె. మూత రాకపోతే బలవంతం చేయొద్దు. మూత ఎందుకు రావట్లేదు? లోపలి ఆవిరి దాన్ని పట్టుకొని ఉన్నది. అది మనతో "ఇంకా ఆగు" అంటున్నది.

కొనేటప్పుడు చదవాలె

ఇక్కడ మన చదువు పనికి వస్తుంది. కుక్కరు కొనేటప్పుడు దాని మీద ఐ.ఎస్.ఐ. గుర్తు చూడాలె. ఇంటి కుక్కరుకు ఆ గుర్తు ఉండాలని 2021 నుంచి చట్టం కట్టుదిట్టం చేసింది. గుర్తు పైన ఐ.ఎస్. 2347 అని నంబరు ఉంటుంది. అంకెలు మనకు వచ్చు కదా? రెండు, మూడు, నాలుగు, ఏడు. వరుసగా చదవండి. ఆ గుర్తు లేని కుక్కరు సంతలో వంద, రెండు వందలు తక్కువకు ఇస్తామంటారు. "అదే కంపెనీ, అదే మాల్ అమ్మా" అంటారు. మీరు మాట వినొద్దు, మూత మీద చదవండి. రసీదు అడగండి. రసీదు మీద తేదీ ఉన్నదో లేదో చూడండి.

గ్యాసు సిలిండరు మీద రాత

వెనకట సకినాలు కట్టెల పొయ్యి మీదనే వేయించేవాళ్లు. పొగకు కండ్లు మండేవి, దగ్గు వచ్చేది. 1999లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీపం పథకం పెట్టింది. డ్వాక్రా సంఘాల మహిళలకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చింది. డిపాజిట్టు ప్రభుత్వమే కట్టింది. 2016లో కేంద్ర ప్రభుత్వం ఉజ్వల పథకం పెట్టింది. అట్ల గ్యాసు పేద ఇండ్లలోకి వచ్చింది. అయితే సిలిండరు అయిపోతే మళ్లీ నింపించే పైసలు ఎక్కడివి? అందుకని చాలా ఇండ్లలో చాయకు, చుట్టాలకు మాత్రమే గ్యాసు. వంటకు మళ్లీ కట్టెలే. ఆ బాధ ఇంకా పూర్తిగా పోలేదు.

సకినాల రోజు ఒక పెద్ద పొరపాటు జరుగుతుంది. గట్టు మీద కడాయి ఎత్తు అయితదని పొయ్యిని కిందికి దించుతారు. సిలిండరు పక్కనే పెట్టుకొని నేల మీద కూర్చొని వేయిస్తారు. ఇది చాలా ప్రమాదం. గ్యాసు గాలి కంటే బరువు. ఎక్కడన్నా కారితే పైకి పోదు. నీళ్లలాగా నేల మీద పరుచుకుంటుంది. అక్కడే మంట ఉంటే? పొయ్యి ఎప్పుడూ సిలిండరు కంటే ఎత్తులో ఉండాలె. పెద్ద కడాయి అయితే బయట వాకిట్లో కట్టెల పొయ్యి మీదనే వేయించుకోండి. గాలి వచ్చే చోటు, పిల్లలు తిరగని చోటు.

నిజానికి గ్యాసుకు వాసన ఉండదు. కారితే మనకు తెలియాలని కంపెనీ వాళ్లే ఆ కుళ్లు వాసన కలుపుతారు. వాసన వస్తే లైటు వేయొద్దు. వెలుగుతున్న లైటు ఆపొద్దు. అగ్గిపుల్ల గీయొద్దు. అక్కడే ఫోను చేయొద్దు. రెగ్యులేటరు బంద్ చేసి తలుపులు, కిటికీలు తెరవాలె. బయటకు వచ్చి 1906 నంబరుకు ఫోను చేయాలె. ఆ నంబరు గ్యాసు ప్రమాదాల కోసమే ఉన్నది. గోడ మీద పెద్దగా రాసి పెట్టుకోండి.

సిలిండరు దింపేటప్పుడు ఇంకొకటి చదవాలె. పైన పట్టుకునే చుట్టు కింద మూడు పట్టీలు ఉంటాయి. ఒక పట్టీ లోపలి వైపు ఒక ఇంగ్లీషు అక్షరం, రెండు అంకెలు రాసి ఉంటాయి. ఆ అక్షరాలు నాలుగే. ఏ, బీ, సీ, డీ. ఇంగ్లీషు రాదని భయపడొద్దు. ఆకారం గుర్తు పెట్టుకుంటే చాలు. ఏ అంటే గుడిసె లాగా ఉంటుంది, నడుమ అడ్డగీత. బీ అంటే నిలువు గీతకు రెండు పొట్టలు. సీ అంటే నెలవంక. డీ అంటే నిలువు గీతకు ఒకటే పెద్ద పొట్ట.

ఏ అంటే జనవరి నుంచి మార్చి దాకా. బీ అంటే ఏప్రిల్ నుంచి జూన్. సీ అంటే జూలై నుంచి సెప్టెంబరు. డీ అంటే అక్టోబరు నుంచి డిసెంబరు. పక్కనున్న అంకెలు సంవత్సరం. బీ 29 అని ఉంటే 2029 జూన్ లోపల ఆ సిలిండరును మళ్లీ పరీక్ష చేయించాలె అని అర్థం. ఆ తేదీ దాటిపోయిన సిలిండరు తెస్తే తీసుకోవద్దు. "ఇది గడువు దాటింది తమ్మీ, వేరేది ఇయ్యి" అని చెప్పండి. ఇచ్చే పిలగాడు ఒక్క నిమిషం మీ మొఖం చూస్తాడు. చూడనియ్యండి.

పొయ్యికి పోయే రబ్బరు ట్యూబు మీద కూడా తేదీ ఉంటుంది. అది అయిదేండ్లకు ఒకసారి మార్చాలె. పగుళ్లు కనిపిస్తే అంతకు ముందే మార్చాలె.

కాలితే ఏం చేయాలె?

ఎంత జాగ్రత్త పడ్డా ఒక్కోసారి కాలుతుంది. కూలికి పోయే చెయ్యి కాలితే వారాల తరబడి పని ఉండదు. మిరపకాయ ఏరే రోజుల్లో అది పెద్ద నష్టం. కాలిన చేతికి కారం తగిలితే ఆ మంట చెప్పనలవి కాదు.

కాలిన వెంటనే చల్లటి నీళ్ల కింద పెట్టాలె. కుళాయి అయినా సరే, చెంబుతో పోసినా సరే. ఇరవై నిమిషాలు పోయాలె. ఒక్క నిమిషం చాలదు. గాజులు, ఉంగరాలు ముందే తీయాలె. వాపు వస్తే తర్వాత రావు. పసుపు పూయొద్దు, సిరా పోయొద్దు, పళ్ల పేస్టు రుద్దొద్దు, ఐసు పెట్టొద్దు. బొబ్బ చిదమొద్దు. శుభ్రమైన బట్ట కప్పి దవాఖానకు పోవాలె. ఎక్కువ కాలితే 108కి ఫోను చేయాలె. వరంగల్‌లో ఎం.జి.ఎం. దవాఖాన ఉన్నది.

కడాయిలో నూనెకే మంట అంటుకుంటే నీళ్లు పోయొద్దు! ఎందుకో ఇప్పుడు మీరే చెప్పగలరు. నీళ్లు నూనె కంటే బరువు. అడుగుకు పోతాయి. ఆ వేడికి ఒక్క క్షణంలో ఆవిరి అవుతాయి. 1,600 రెట్లు ఉబ్బి మండుతున్న నూనెను ఇంటి కప్పు దాకా లేపుతాయి. పొయ్యి బంద్ చేసి పెద్ద మూత కప్పాలె. గాలి అందక మంట ఆరిపోతుంది. కడాయిని ఎత్తుకొని ఉరకొద్దు.

పొయ్యి కాడ కూర్చునేటప్పుడు నూలు చీర కట్టుకోండి. నైలాన్ చీరకు మంట అంటితే కరిగి ఒంటికి అతుక్కుంటుంది.

సకినాలు తినేటప్పుడు ఎల్లిపాయ కారం నంజుకుంటే ఆ రుచే వేరు. వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఎర్రగా, లావుగా ఉంటుంది. రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. పిల్లలు కూడా తినగలుగుతారు. ఐనవోలు మల్లన్న జాతరకు పోయేటప్పుడు మూట కట్టుకుపోవడానికి సకినాలు, కారం చాలు.

మీ ఇంట్ల చూసి రాయండి

మా సిలిండరు మీద ఉన్న అక్షరం ........ అంకెలు ........

మా సిలిండరు గడువు ........ నెల, ........ సంవత్సరం దాకా ఉన్నది.

మా కుక్కరు మీద ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్నది / లేదు.

మా గ్యాసు ట్యూబు మీద ఉన్న తేదీ ........

గ్యాసు కారితే ఫోను చేయాల్సిన నంబరు ........

ఈసారి సకినాలకు నేను ఎవరింటికి పోయిన? ........ మా ఇంటికి ఎవరు వచ్చిండ్రు? ........ ఇంకా ఎవరి బదులు తీర్చాలె? ........